గూడ్సు బండి కనుబొమ్మలు

2018 వానాకాలం. సోలాపూర్‌లో మా టవళ్ల కార్ఖానాలో డిజైన్ గది మొదటి అంతస్తులో ఉండేది. కింద మగ్గాలు నడుస్తుంటే నా బల్ల మీది చాయ్ గ్లాసులో సన్నగా అలలు లేచేవి. అప్పటికి ఆ పనిలో నాకు ఇరవై రెండేళ్లు. గ్రాఫ్ కాగితం మీద పెన్సిలుతో గడులు నింపుతూ మొదలుపెట్టాను. ఆ గడులను చూసి, మగ్గానికి బొమ్మ చెప్పే అట్టలకు రంధ్రాలు కొట్టే రోజులు చూశాను. తర్వాత అట్టలు పోయి కంప్యూటర్ వచ్చింది. అయినా చేసే పని అదే, గడులు నింపడం.

ఈ పని తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. మా టవల్ మీద బొమ్మ అద్దింది కాదు, నేతలోనే పుడుతుంది. అలా బొమ్మ పుట్టించే యంత్రం జకార్డ్. టవల్ మీద చేయి పెడితే మెత్తగా తగిలే నూలు ఉచ్చులను లూప్ అంటాం. కంప్యూటర్‌లో నేను నింపే ఒక్కో గడి, టవల్ మీద ఒక్కో లూప్ అవుతుంది. మాకున్నవి రెండే రంగులు. ఒక గడి తెలుపైనా కావాలి, నీలమైనా కావాలి. పువ్వులు, నెమళ్లు, తీగలు, గళ్లు లెక్కలేనన్ని గీశాను. ముఖాలు మాత్రం ఎప్పుడో తప్ప గీయలేదు. ఆకు చివర ఒక గడి అటూ ఇటూ అయితే అది ఆకుగానే ఉంటుంది. ముఖంలో ఒక గడి జరిగితే మనిషే మారిపోతాడు.

ఆ ఏడు జులైలో ముంబయిలోని ఒక పిల్లల వస్తువుల కంపెనీ నుంచి ఆర్డర్ వచ్చింది. వాళ్ల తరఫున మాతో మాట్లాడే అమ్మాయి పేరు నేహ. ఆమె ఉద్యోగం మర్చండైజర్. అంటే కొనే కంపెనీకీ నేసే కార్ఖానాకూ మధ్య నిలబడి, బొమ్మ దగ్గర్నుంచి ప్యాకింగ్ దాకా అన్నీ చూసుకునే మనిషి. మా ఇద్దరి మాటలూ హిందీలోనే.

"నాలుగు టవళ్ల సెట్ కావాలి దీదీ. నాలుగు మాట్లాడే రైళ్లు. ఒక్కో రైలుకు ఒక్కో స్వభావం ఉండాలి. పిల్లలు స్నానం చేసి వచ్చి వాటితో ముచ్చట పెట్టాలి" అంది.

నాలుగు ఇంజన్లు గీశాను. నాలుగింటికీ గుండ్రటి కళ్లు, నిండు నవ్వు. ఒకదానికి పొగ గొట్టం పొడుగ్గా, ఒకదానికి పొట్టిగా పెట్టాను. మర్నాడే ఫోన్ వచ్చింది.

"దీదీ, నాలుగు బొమ్మలున్నాయి కానీ నలుగురు లేరు. ఒకరే నాలుగు చొక్కాలు మార్చుకున్నట్టుంది."

కోపం వచ్చింది. కానీ ఆమె చెప్పింది నిజం. రైలుకు స్వభావమేమిటి, ఇనుముకు గుణమేమిటి అనుకుంటూ ఆ సాయంత్రం ఇంటికి నడిచాను. మా ఇల్లు అశోక్ చౌక్ అవతల, బీడీలు చేసేవాళ్ల గల్లీలో. గల్లీ మలుపు తిరిగేసరికి నర్సవ్వ పెద్దమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో పొగాకు, పక్కన తడి గోనెలో చుట్టిన తునికాకు. నేను పుట్టినప్పటినుంచి ఆమెను అలాగే చూస్తున్నాను. ఆమెను చూడగానే నాకు నలుగురూ ఒక్కసారిగా గుర్తొచ్చారు.

మా చిన్నప్పుడు మధ్యాహ్నం బడి వదలగానే పిల్లలమంతా ఆ గడప దగ్గర చేరేవాళ్లం. మా అమ్మ, పక్కింటి అత్తలు, అందరూ చాటలు పట్టుకుని అక్కడికే వచ్చేవారు. కత్తెర ఆకును కోస్తున్న చప్పుడు, దారం తెంపే చప్పుడు, మధ్యలో నర్సవ్వ గొంతు. ఆమె చెప్పే కథల్లో రాజులు, దయ్యాలు ఉండేవి కావు. అన్నీ రైళ్లే. ఆ రైళ్లు మా గల్లీ మనుషుల్లాగే మాట్లాడేవి.

మెయిలు దొర ఒకడుండేవాడు. చిన్న స్టేషన్లు పలకరిస్తే బదులు చెప్పడు. ముక్కు పైకెత్తి పోతాడు. కానీ లోపల వాడికి ఒకటే గుబులు, ఆలస్యమైతే పరువు పోతుందని. ప్యాసింజరు లచ్చవ్వ ఇంకోతీరు. ప్రతి స్టేషన్‌లోనూ ఆగి మంచీ చెడూ అడిగి గానీ కదలదు. ఒకసారి హోట్గి స్టేషన్‌లో బయల్దేరబోతుంటే ఒకామె కోళ్ల గంప నెత్తిన పెట్టుకుని ఉరికొస్తోంది. లచ్చవ్వ ఆగితే వెనకనున్న మెయిలు దొర తిడతాడు. అందుకని దగ్గు వచ్చినట్టు చేసి ఆగిందట. "ఖుక్, ఖుక్, ఖుక్" అని నర్సవ్వ దగ్గి చూపించేది. గంపలో కోడితో సహా ఆమె ఎక్కేదాకా ఆ దగ్గు తగ్గేది కాదు. మేము పడీ పడీ నవ్వేవాళ్లం.

శంటింగు పోరి యార్డు దాటి ఎన్నడూ పోదు. అటు నాలుగు డబ్బాలు లాగడం, ఇటు నాలుగు తోయడం. వచ్చే ప్రతి బండినీ "సిగ్నల్ అవతల ఏమున్నది?" అని అడుగుతుంది. నాకు ఆ పోరే ఇష్టం. నేనూ సోలాపూర్ దాటింది లేదు.

నాలుగోవాడు గూడ్సోడు. నెత్తికి ఎర్ర గళ్ల రుమాలు కట్టుకుంటాడు. అందరికంటే ఎక్కువ బరువు మోసేది వాడే, అందరికంటే వెనక చేరేది వాడే. ఎవరొచ్చినా వాణ్ని లూప్‌లైన్‌లో, అంటే పక్క పట్టాల మీద నిలబెడతారు. మెయిలు దొర పోతాడు, లచ్చవ్వ పోతుంది, వాడు నిలబడే ఉంటాడు. శంటింగు పోరి అడిగిన ప్రశ్నకు బదులు చెప్పేది వాడొక్కడే. "సిగ్నల్ అవతల ఇంకో సిగ్నల్ ఉన్నది బిడ్డా" అంటాడు.

రెండు రోజులు తలెత్తకుండా గీశాను. మెయిలు దొరకు పైకెత్తిన ముక్కు, పక్కచూపు చూసే కళ్లు. లచ్చవ్వకు తెరిచిన నోరు. పోరికి పెద్ద కళ్లు. గూడ్సోడికి నుదుటి మీద రుమాలు. ఒక్కొక్కరి గురించి నాలుగేసి మాటలు హిందీలో రాసి పంపాను. నేహ ఫోన్‌లోనే చప్పట్లు కొట్టింది.

"ఎక్కడ దొరికారు దీదీ వీళ్లు?"

"మా గల్లీలో" అన్నాను.

అంతవరకే చెప్పాను. ఎవరివని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజుల్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నర్సవ్వ గడప ముందు నుంచే నడిచాను. "చాయ్ తాగి పో" అని ఆమె పిలిస్తే రెండు మూడుసార్లు కూర్చున్నాను కూడా. ఆమె బండ్లు టవల్ మీదికి ఎక్కుతున్నాయన్న ముక్క నా నోట రాలేదు. దాచాలని కాదు. అడగాలన్న ఆలోచనే నాకు తట్టలేదు. చిన్నప్పుడు విన్న కథ గాలి లాంటిది, అందరిదీ అనుకున్నాను.

వారం తర్వాత నేహ మళ్లీ ఫోన్ చేసింది. "పై వాళ్లకు చాలా నచ్చింది. ఒకటే మార్పు. సెట్‌లో ఒకరు చెడ్డవాళ్లు ఉండాలంటున్నారు. అందరూ మంచివాళ్లే అయితే పిల్లలు కథ ఎలా అల్లుకుంటారు? గూడ్సును కోపిష్టిని చేయండి. పెద్దగా, బరువుగా ఉన్నాడు, సరిపోతాడు."

గూడ్సోడి కనుబొమ్మల లోపలి చివరలను రెండు గడులు కిందికి దించాను. నోటిని ఒక గడి బిగించాను. అర నిమిషం పని. తెర మీద వాడు నన్ను గుర్రుగా చూశాడు. ఫైల్ పంపేసి మధ్యాహ్నం డబ్బా విప్పుకున్నాను.

శాంపిల్ పాసైంది. అంటే నమూనాగా నేసిన ముక్కను కంపెనీ ఒప్పుకుంది. మగ్గాలు నడిచాయి, మొదటి లాట్ ముంబయి పోయింది. నేతలో ఎక్కడైనా లూప్ తెగినా, అంచు వంకర పోయినా ఆ టవళ్లను పక్కన పెడతారు. వాటిని సెకండ్స్ అంటాం. అవి ఊళ్లోనే తోపుడు బండ్ల మీద చవగ్గా పోతాయి. ఈ లాట్‌లోవి కూడా అలాగే పోయి ఉంటాయి. నేను వాటి సంగతి పట్టించుకోలేదు.

ఒక ఆదివారం పొద్దున నర్సవ్వ మా ఇంటికి వచ్చింది. ఆమె ఒకరి గడప ఎక్కడం అరుదు. ఎవరికి పని ఉన్నా ఆమె దగ్గరికే వెళ్తారు. చేతిలో నీలం టవల్ ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. టవల్‌ను మంచం మీద పరిచింది.

"అనసూయా, ఇదెవలు గీసిండ్రే?"

"నేనే పెద్దమ్మా."

"బరోబర్. రుమాలు జూడంగనే ఎర్కైంది. గీ రుమాలు నా నోట్లె తప్ప యాడ లేదు. మా కోడలు కొంతం చౌక్‌ల బండి మీద కొనుక్కొచ్చింది, శ్రావణికి."

శ్రావణి ఆమె మనవరాలు. అప్పటికి ఆరేళ్ల పిల్ల.

"పొద్దుగాల పోరి తానం జేసొచ్చి అడిగింది, ‘అవ్వా, గీ కోపం బండి పేరేంది’ అని. గూడ్సోడు బిడ్డా అన్న. ‘నువ్వు అబద్ధమాడుతున్నవ్, గూడ్సోడు మంచోడు గద, ఇది మనల్ని కొడ్తది’ అని టవల్ ఇసిరి కొట్టింది. ఇప్పుడు జెప్పు. నా గూడ్సోనికి కోపం ఎప్పుడొచ్చిందే?"

"కంపెనోళ్లు అడిగిండ్రు పెద్దమ్మా. కథల ఒక చెడ్డోడు ఉండాల్నంట."

"వాళ్లు అడిగిండ్రు, నువ్విచ్చినవ్. నీకిచ్చింది నేను గద. నన్ను ఒక్క మాట అడగబుద్ధి గాలేదా?"

 చాయ్ పెడతానని లేచాను. వద్దన్నట్టు చేయి ఊపింది. అప్పుడు కూర్చుంది, కుర్చీలో కాదు, నేల మీద, గోడకు ఆనుకుని.

"గూడ్సోడంటె ఎవలనుకున్నవ్? మీ పెదనాయిన."

రాజయ్య పెదనాయిన నాకు లీలగా గుర్తు. వాకిట్లో మంచం మీద దగ్గుతూ పడుకుని ఉండే మనిషి. నేను రెండో తరగతిలో ఉండగా పోయాడు. ఆయన మగ్గం నేసేవాడని మాత్రమే మాకు తెలుసు.

"మగ్గం తర్వాత సంగతి. మేము తెలంగాణ నుంచి వచ్చిన కొత్తల మగ్గం దొరకలే. రెండేండ్లు గూడ్సు షెడ్డుల హమాలీ జేసిండు. నూలు బేళ్లు మోసిండు. నెత్తికి గిదే ఎర్రగళ్ల రుమాలు. నా బిడ్డ యాదమ్మ అప్పుడు నాలుగేండ్ల పిల్ల. పొద్దుగూకంగనే గడప మీద కూసుండేది, నాయిన ఏడి, నాయిన ఏడి అని. వ్యాగన్ ఎప్పుడొస్తదో ఎవలికెర్క? వచ్చినంక ఖాళీ అయ్యేదాక ఇడిసిపెట్టరు. గంత చిన్న పిల్లకు ఎట్ల జెప్పాలె? అందుకని జెప్పిన, గూడ్సోడు లూపుల ఆగిండు బిడ్డా, అందరు పోయినంక వస్తడు అని. గట్ల మొదలైంది కథ. మిగిలిన బండ్లన్ని తర్వాత వచ్చినయ్, గూడ్సోనికి తోడు ఉండాలె గద అని."

కాసేపు టవల్ మీది లూపులను వేళ్లతో దువ్వింది. బీడీలు చుట్టీ చుట్టీ ఆ వేళ్ల చివరలు నున్నగా అరిగి ఉన్నాయి.

"ఆయన ఎన్నడు ఎవలినీ గట్టిగ ఒక్క మాట అనలే. గాని అలసిపోతుండె. అలసిపోతె ముఖం బిగుసుకుంటది. గది జూసి మంది కోపమనుకునేది. షెడ్డుల హమాలీల మీద పెద్ద, ముకద్దం గూడ, ‘ఏందిరా, గుర్రుమంటున్నవ్’ అని తిట్టేటోడట. ఇంటికొచ్చి నాకు జెప్పి, ‘నాకు కోపం లేదు నర్సీ, నా ముఖమే గట్లయింది’ అనేటోడు. బతికినన్నాళ్లు గదే నింద. ఆయనది ఒక్క ఫోటో గూడ లేదు నా ఇంట్ల. ఇన్నేండ్లకు ఒక బొమ్మ వస్తె, నువ్వు గూడ గదే నింద ఏస్తివి."

ఆమె గొంతు పెంచలేదు. టవల్ మడత పెట్టి నా మంచం మీదే వదిలి వెళ్లిపోయింది.

నా ఉద్యోగంలో డిజైన్లు తిరిగొచ్చాయి, తిట్లు తిన్నాను, రాత్రింబవళ్లు కూర్చుని మార్చాను. సిగ్గు పడడం మాత్రం అదే మొదటిసారి. ఆ టవల్ మీది ముఖం చూడలేక తిరగేసి పెట్టాను. రెండు రంగుల నేతలో తిరగేస్తే రంగులు తారుమారవుతాయి గానీ బొమ్మ పోదు. అటువైపు నుంచి కూడా వాడు గుర్రుగానే చూస్తున్నాడు.

సోమవారం మా సేఠ్ దగ్గరికి వెళ్లాను. ఆయన మంచివాడే, మా తెలుగువాడే. అంతా విన్నాడు.

"అనసూయా, పాసైన శాంపిల్‌ను మనమే తప్పంటే రేపు మనల్ని ఎవలు నమ్ముతరు? మొదటి లాట్ పోయింది, దాన్ని వాపస్ తెచ్చుడు నా తోని కాదు. రిపీట్ ఆర్డర్ వస్తదంటున్నరు. అడుగుతనంటె అడుగు. గాని ఆర్డర్ పోతె కింద మగ్గాలు ఆగుతయ్. అప్పుడు ఆ పనోళ్ల ముఖాలు గూడ నువ్వే జూడాలె."

 కింద పనిచేసేవాళ్లలో సగం మంది మా గల్లీవాళ్లే. రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని పక్కన పెట్టేశాను. మూడో రోజు నేహకు చేశాను. గూడ్సుకు కోపం తీసేస్తానని చెప్పాను. ఎందుకంది. చెప్పాను. యాదమ్మ గడప మీద కూర్చోవడం, లూప్‌లైన్ మాట, ముకద్దం తిట్టు, ఫోటో లేకపోవడం, నేను అడగకుండా గీయడం, అన్నీ చెప్పాను. 

"దీదీ, మీరు మొదటే ఎందుకు చెప్పలేదు, ఈ కథలు ఒకరివని?"

"నాకే తెలియలేదు, అవి ఒకరివని."

"మా వాళ్లను అడుగుతాను. కానీ వాళ్లు ఒకటే అడుగుతారు. చెడ్డవాడు లేకపోతే కథలో ఏం జరుగుతుంది?"

ఆ ప్రశ్న పట్టుకుని సాయంత్రం నర్సవ్వ గడప దగ్గర నిలబడ్డాను. ఆదివారం తర్వాత వెళ్లడం అదే మొదటిసారి. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నేను కింద కూర్చుని నేహ అన్నది చెప్పాను. ఆమె చేతిలో ఉన్న బీడీ చుట్టడం ముగించి, దారం కట్టి, చాటలో వేసింది.

"చెడ్డోడెందుకే? వాన చాలదా? పట్టాల మీద బర్రె అడ్డమొచ్చుడు చాలదా? బొగ్గు అయిపోవుడు, ఆలస్యమగుడు, ఇంటికాడ పిల్ల ఎదురుచూసుడు, ఇవి చాలవా? ఉన్న కష్టాలకే బండ్లు సత్తుంటె, మళ్ల ఒక చెడ్డోడు గూడ కావాల్నా ఆ పట్నపోళ్లకు?"

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె నవ్వలేదు గానీ చాటను కొంచెం పక్కకు జరిపింది. నేను దగ్గరగా జరిగాను.

ఆ మాటలను ఉన్నవున్నట్టు హిందీలో రాసి నేహకు పంపాను. నాలుగు రోజుల తర్వాత, కొత్త ముఖంతో శాంపిల్ నేసి పంపమని కబురు వచ్చింది. చూశాక చెబుతామన్నారు, మాట ఇవ్వలేదు.

ఈసారి ఒక్కదాన్నే గీయదలచుకోలేదు. నర్సవ్వను డిజైన్ గదికి రమ్మన్నాను. చుట్టిన బీడీలను బీడీల కార్ఖానాలో అప్పజెప్పి, ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. నేతగాడి భార్య, నేతగాడి తల్లి, కానీ బొమ్మ మగ్గం మీదికి ఎక్కక ముందు ఎక్కడ ఉంటుందో ఎన్నడూ చూడలేదట. తెర మీద గూడ్సోడి ముఖాన్ని పెద్దది చేసి చూపించాను. గడులుగా విడిపోయింది.

"అయ్యో, ఇటుకలు పేర్చినట్టున్నదేందే?"

"గీ ఇటుకలే పెద్దమ్మా. ఏ ఇటుక యాడ పెట్టాల్నో నువ్వు చెప్పు."

కనుబొమ్మల లోపలి చివరలు పైకి లేపాను. తల అడ్డంగా ఊపింది.

"ఏడుస్తుండు. ఆయన ఏడ్వలే."

తిన్నగా చేశాను.

"నిద్రపోతుండు. పనికాడ నిద్రపోతె ఊరుకుంటరా?"

కొంచెం నవ్వించాను.

"గంత బరువు మీదేసుకుని ఎవడన్న నవ్వుతడా? నువ్వు నవ్వుతవా? అలసట గియ్యి. అలసట వేరు, ఏడుపు వేరు, కోపం వేరు."

గంట గడిచింది. ఇరవై రెండేళ్ల అనుభవంలో అలసటను గడుల్లో ఎలా పెట్టాలో నాకు తెలియదని అప్పుడు తెలిసింది. చివరికి విసిగిపోయి, "ఆయన లూపుల ఆగినప్పుడు యాడికి చూస్తుండె పెద్దమ్మా?" అని అడిగాను. పాత్ర గురించి అడిగానో మనిషి గురించి అడిగానో నాకే తెలియదు.

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "దూరం జూసేటోడు. వచ్చే బండి కనబడుతదేమో అని. కండ్లు సగమే తెరిచి."

పై రెప్పలను సగం దించాను. కనుపాపలను ఒక వరుస పైకి జరిపాను. కనుబొమ్మలను ఒకదానికొకటి కొంచెం ఎడం చేశాను. నోటిని తిన్నని గీతగా వదిలేశాను. నర్సవ్వ కుర్చీలో ముందుకు వంగింది. ఈసారి తల అడ్డంగా ఊపలేదు. 

తెర మీద కుదిరినదంతా నూలులో కుదరదు. మొదటి ముక్క నేసి చూస్తే ముఖం మాయమైంది. లూపులు మెత్తవి, పక్కకు వాలతాయి, ఒక్క గడి మందం గీతను మింగేస్తాయి. రెప్పలు పోయాయి, కనుబొమ్మలు పోయాయి, రుమాలు కట్టిన గుమ్మడికాయ మిగిలింది. గీతలు రెండు గడుల మందం చేయాలంటే ముఖం పెద్దది కావాలి, ముఖం పెద్దది కావాలంటే ఏదో ఒకటి తీసేయాలి. రుమాలు చిన్నది చేస్తానంటే నర్సవ్వ ఒప్పుకోలేదు.

"పొగ తీసెయ్. ఆగిన బండికి గంత పొగెందుకు?"

పొగ తీసేశాను. రెండో ముక్క మగ్గం దిగగానే తీసుకుని నేరుగా గల్లీకి వెళ్లాను. నర్సవ్వ దాన్ని విప్పి ఒకసారి చూసింది. తను ఏమీ చెప్పకుండా లోపలున్న శ్రావణిని పిలిచి చేతికిచ్చింది.

"ఏం జేస్తుండే వీడు?"

పిల్ల టవల్‌ను నేల మీద పరిచి, దాని ముందు బోర్లా పడుకుని, ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"ఆగిండు. ఎవలనో ముందుకు పోనిస్తుండు" అంది.

నర్సవ్వ చాటను ఒళ్లోకి లాక్కుని తలవంచుకుంది. ఆకు కోయడానికి కత్తెర తీసుకుంది గానీ చాలాసేపు కోయలేదు.

కంపెనీవాళ్లు కొత్త ముఖాన్ని ఒప్పుకున్నారు. రిపీట్ ఆర్డర్ వచ్చింది. టవల్‌తో పాటు పెట్టే కార్డు మీద, కథలు చెప్పింది సోలాపూర్ నర్సవ్వ అని వేయాలని నేనడిగితే నేహ పోట్లాడి వేయించింది. కంపెనీ ఆమెకు కొంత సొమ్ము కూడా పంపింది. వద్దంటుందేమో అనుకున్నాను. "ఎందుకు వద్దంట? నోరు నాదే గద" అని తీసుకుంది. ఆమె నన్ను అడిగింది ఒక్కటే. గూడ్సోడి టవల్ ఒకటి భివండికి, యాదమ్మకు పంపమంది. యాదమ్మ పెళ్లయినప్పటినుంచి అక్కడే ఉంటోంది. ఆమె పిల్లలు అక్కడ పవర్‌లూమ్‌లలో పనిచేస్తారు. నేనే పార్సెల్ కట్టించాను.

పదిరోజుల తర్వాత మధ్యాహ్నం యాదమ్మ ఫోన్ వచ్చింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఎన్నో ఏళ్లయింది ఆ గొంతు విని.

"చెల్లె, టవల్ ముట్టింది. అమ్మకు ఫోన్ జేస్తె అప్పుడు జెప్పింది, గూడ్సోడంటె నాయిన అని. ఖరేనా?"

నేను నివ్వెరపోయాను. "నీకు తెల్వదా అక్కా? నీ కోసమే గద ఆ కథ పుట్టింది."

"తెల్వదు. నాయిన గా బండి కోసం ఆగిండనుకున్న, గా బండే నాయినని అమ్మ ఎన్నడు జెప్పలే. నాకు యాభై దాటినయ్, ఇయ్యాల తెలిసింది. గాని జూడు, నాయిన ఎంత ఆలస్యంగొచ్చినా నాకు కోపం రాకపోయేది. పక్కింటి పిల్లలు వాళ్ల నాయిన మీద అలిగేటోళ్లు. నేను ఎన్నడు అలగలే. అందరిని పంపిచ్చి వస్తడు తియ్ అనుకునేదాన్ని. గా మాట నాకు ఎవలు నేర్పిండ్రో ఇన్నేండ్లు ఆలోచన జెయ్యలే."

 వెనక మగ్గాల చప్పుడు వినిపిస్తోంది, మా కార్ఖానాలో లాగే.

"నాయిన ముఖం మరిచిపోయిన చెల్లె. ఖరే జెప్తున్న. గీ టవల్ తోని ముఖం తుడుసుకోబుద్ధైతలేదు."

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నర్సవ్వ ఇప్పుడు బీడీలు చేయడం మానేసింది, చూపు ఆనదు. గడప మీద కూర్చోవడం, వచ్చిన పిల్లలకు బండ్ల ముచ్చట్లు చెప్పడం మాత్రం మానలేదు. నేను పంపిన ఆ మొదటి లాట్ టవళ్లు ఎక్కడెక్కడి ఇళ్లలోనో ఉంటాయి. ఎందరో పిల్లలకు గూడ్సోడు అంటే గుర్రుమనే వాడే. అది నేను చేసిన తప్పు, దాన్ని వెనక్కి తెచ్చుకోలేను.

గీతలు ఎలా గీయాలో నాకు మాస్టర్లు నేర్పారు, గడులు కంప్యూటర్ నేర్పింది. బిగుసుకున్న ముఖమల్లా కోపం కాదని మాత్రం బీడీలు చుట్టుకునే నర్సవ్వే నేర్పింది. ఆ తేడా తెలియాలంటే గీసేముందు ఆ ముఖం ఎరిగిన మనిషిని అడగాలి. ఇప్పుడు ఎవరి నోట విన్న కథైనా నా బొమ్మకు పనికొస్తుందనిపిస్తే ముందు వాళ్ల ఇంటికి వెళ్లి అడుగుతాను. మొన్నామధ్య జోడ్‌భావి పేట్‌లో ఒక పెద్దాయన తన కథ వాడుకోవద్దన్నాడు. ఎందుకని అడగలేదు. ఆయన ఇచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. ఆ డిజైన్ గీయలేదు.